ఆఫీసులు వాడి వదిలిన లాప్‌టాప్ కొంటున్నారా? ముందు దాంతో ఒక గంట కూర్చోండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం అడిగాయి. కంపెనీలు వాడి పక్కన పెట్టిన లాప్‌టాప్‌లు కొనొచ్చా, కొంటే ఏం చూసుకోవాలి అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చేసారికి ఉంచి, వీటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి అందరివీ ఊరి పేర్లతోనే ఇస్తున్నాను.

ప్రశ్న (కూర్మన్నపాలెం నుంచి ఒక తండ్రి): మా అమ్మాయికి బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చింది. కొత్త లాప్‌టాప్ మంచిది కొనాలంటే 50 వేల పైమాటే అంటున్నారు. ద్వారకానగర్‌లో ఒక షాపులో థింక్‌ప్యాడ్ టీ480 చూశాం. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 21 వేలు చెప్పారు. "ఆఫీసు పీసు సార్, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి" అన్నాడు షాపతను. పాత సామాను కొనడం మా ఇంట్లో అలవాటు లేదు. పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమో అని కూడా ఉంది. కొనొచ్చా?

జవాబు: కొనొచ్చు సార్. కానీ కళ్ళు మూసుకుని కాదు, బాగా తెరుచుకుని కొనాలి.

ముందు అమ్మాయి సంగతి. ఆ 21 వేలకి కొత్తగా దొరికేవి చాలావరకు సెలెరాన్ లాంటి చిన్న ప్రాసెసర్లతో, తేలిక ప్లాస్టిక్ బాడీతో వస్తాయి. టీ480 2018 నాటిదే అయినా సీ, జావా, పైథాన్ నేర్చుకోవడానికి వాటికంటే ఎంతో మేలు, కీబోర్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. థింక్‌ప్యాడ్ అనేది 1992లో ఐబీఎం మొదలుపెట్టిన వరస, 2005లో ఆ వ్యాపారం లెనోవో చేతికి వచ్చింది. డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలీట్‌బుక్ కూడా ఆఫీసుల కోసమే చేసినవి. పెద్ద కంపెనీలు వీటిని వేలల్లో తీసుకుంటాయి, చాలాసార్లు లీజు మీద, మూడు నాలుగేళ్ళకు గడువు తీరగానే బాగున్నవీ బాగోలేనివీ అని చూడకుండా అన్నీ ఒకేసారి మార్చేస్తాయి. ఆ లాట్లే చేతులు మారి మన షాపుల దాకా వస్తాయి. అంటే ఒకే లాటులో రోజూ బ్యాగులో వేసుకుని ఊళ్ళు తిరిగిన పీసూ ఉంటుంది, టేబుల్ మీద నుంచి కదలని పీసూ ఉంటుంది. మీకు ఏది వచ్చిందో షాపతనికి కూడా తెలియదు, మీరే కూర్చుని తెలుసుకోవాలి.

మొదట ప్రాసెసర్ పేరు పూర్తిగా చదవండి. టీ480 అన్నాక ఎనిమిదో తరం ఇంటెల్ ఉంటుందనుకుంటాం, కానీ అదే మోడల్‌లో కొన్ని ఏడో తరం ప్రాసెసర్లతో కూడా వచ్చాయి. లాటిట్యూడ్ 7490, ఎలీట్‌బుక్ 840 జీ5 సంగతీ అంతే. ఐ5-8250యూ లేదా 8350యూ అని ఉంటే అందులో నాలుగు కోర్లు, అంటే పని పంచుకునే నాలుగు భాగాలు, విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. ఐ5-7200యూ, 7300యూ అని ఉంటే రెండే కోర్లు, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ లెక్కలో అర్హత లేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఈ ఒక్క అంకె మీద చాలా ఆధారపడి ఉంది. పైన స్టిక్కర్ చూసి నమ్మొద్దు, స్టిక్కర్లు మార్చడం పెద్ద పనేం కాదు. ఆన్ చేసి టాస్క్ మేనేజర్ తెరిస్తే పెర్ఫార్మెన్స్ పేజీలో అసలు పేరు ఉంటుంది. అక్కడే మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు వాడారో కూడా కనిపిస్తుంది. టీ480లో రెండు ర్యామ్ స్లాట్లు, రెండూ మార్చుకోదగ్గవే. రెండింటిలో ఒకటే వాడారని ఉంటే రేపు ఇంకో 8 జీబీ వేసుకోవచ్చు. సన్నగా ఉందని థింక్‌ప్యాడ్‌లలోనే ఎక్స్1 కార్బన్ అనే మోడల్ వైపు మనసు పోతే మాత్రం గుర్తుంచుకోండి, దాంట్లో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, కొన్నంతే. నన్నడిగితే ఇప్పుడే 16 జీబీ వేయించి మొత్తానికి బేరమాడండి, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి.

ఇక ఆ గంట సంగతి. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉండే వేళ వెళ్ళండి, అమ్మాయిని తీసుకెళ్ళండి, ఆమెనే కుర్చీలో కూర్చోబెట్టండి. రోజూ వాడేది తను. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కమనండి, ఎంటర్, స్పేస్, బాణం గుర్తుల కీలతో సహా. తెల్లటి పేజీ ఒకటి స్క్రీన్ నిండా పెట్టి మచ్చలున్నాయేమో చూడమనండి. తర్వాత స్క్రీన్‌ని కాస్త వెనక్కి వంచి పక్క నుంచి చూడాలి. రంగులు మారిపోయి బొమ్మ పాలిపోతే అది పాత రకం టీఎన్ ప్యానెల్, టీ480లో 1366 బై 768 తెరతో అలాంటివి చాలా వచ్చాయి. అడిగి ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర, అంటే పక్క నుంచి చూసినా రంగులు మారనిది, ఉన్న పీసే తీసుకోండి. నాలుగేళ్ళు రోజుకి ఆరేడు గంటలు కోడ్ చదవాల్సిన కళ్ళు అవి, ఇక్కడ వెయ్యో రెండు వేలో మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

టీ480కి ఇంకో విశేషం ఉంది, రెండు బ్యాటరీలు. ఒకటి లోపల, ఒకటి వెనకాల ఊడదీయడానికి వీలుగా. ఛార్జర్ తీసేసి, లాప్‌టాప్ నడుస్తుండగానే వెనక బ్యాటరీ ఊడదీయండి. లోపలిది బాగుంటే స్క్రీన్ మిణుకుమనకుండా అలాగే నడుస్తుంది. గుటుక్కుమని ఆగిపోయిందంటే లోపలి బ్యాటరీ పోయినట్టే, అప్పుడు ధర తగ్గించమనండి లేదా వేరే పీసు అడగండి. ఏ కంపెనీ లాప్‌టాప్‌కైనా పనికొచ్చే ఇంకో పరీక్ష ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టి (powercfg /batteryreport) ఎంటర్ నొక్కితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు. మొదటిది 60,000, రెండోది 36,000 అనుకోండి, బ్యాటరీకి అరవై శాతమే ఓపిక మిగిలిందన్నమాట. 2018 నాటి మెషీన్‌లో రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే సంతోషపడే ముందు ఒకమాట అడగండి, ఎవరి బ్యాటరీ వేశారు అని. పేరూ ఊరూ లేని బ్యాటరీలు ఆర్నెల్లకే పడుకుంటాయి.

ఎడమ పక్కన రెండు టైప్-సీ పోర్టులు ఉంటాయి. ఛార్జర్ రెండింటిలోనూ పెట్టి చూడండి. 2017 నుంచి 2019 దాకా వచ్చిన కొన్ని థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (ఆ పోర్టుని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) లోపం వల్ల ఈ పోర్టులు పనిచేయకుండా పోయేవి, లెనోవోయే తర్వాత అప్‌డేట్ ఇచ్చింది. కొన్నాక మొదటి రోజే ఆ అప్‌డేట్ వేయించండి.

మన విశాఖకి సంబంధించిన సంగతి ఒకటి. సముద్రం గాలికి ఇనుము నిలవదు, మనకు తెలిసిందే. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్ళలో కిటికీ చువ్వలు ఎలా పొట్టు లేస్తాయో లాప్‌టాప్ లోపలి లోహం కూడా అంతే. కింద స్క్రూల తలలు చూడండి. ఎర్రగా తుప్పు పట్టాయా, ఛార్జింగ్ పోర్టు లోపల పచ్చగా చిలుం ఉందా, ఫోన్ టార్చి వేసి చూడండి. ఉంటే ఆ పీసు పక్కన పెట్టించేయండి, బోర్డు మీద ఏం జరుగుతోందో పైకి కనపడదు.

ఈ గంట ఎందుకు అంతగా చెబుతున్నానంటే నేను కూర్చోక నష్టపోయాను. ఆరేడేళ్ళ కింద మా మేనల్లుడికని ఊళ్ళోనే ఒక షాపులో ఇలాంటిదే కొన్నాను. సాయంత్రం పూట, వర్షం వచ్చేలా ఉంది, పది నిమిషాల్లో బేరం ముగించి తెచ్చేశాను. మూత మీద నల్లటి కొత్త స్టిక్కర్ అందంగా అతికించి ఉంది. తొమ్మిదో రోజు మూత తెరుస్తుంటే స్క్రీన్ మీద గీతలు మొదలయ్యాయి, ఒక కోణంలో పెడితే వస్తుంది, కదిపితే పోతుంది. గోరుతో స్టిక్కర్ చివర లేపి చూస్తే మూత మడతపడే కీలు దగ్గర బాడీ పగిలి ఉంది, ఆ పగులులో ఎంసీల్ కూరి పైన రంగు వేశారు. పైన పటారం లోన లొటారం అంటే అదే. తిరిగి వెళితే "చెకింగ్ వారంటీ ఏడు రోజులే సార్" అన్నారు. వాడి ప్రాజెక్టు గడువు వారంలో ఉంది, పక్కింటివాళ్ళ టీవీకి తగిలించుకుని పూర్తి చేశాడు. ఆ వారం వాడు పడ్డ టెన్షన్ నాకిప్పటికీ గుర్తే. కాబట్టి స్టిక్కర్ ఉంటే తీయించి చూడండి. మూతని పదిసార్లు తెరిచి మూయండి. మొహమాటం వద్దు. గంట కూర్చుంటానంటే ముఖం చిట్లించే షాపులో మీరు కొనొద్దు సార్, మంచి సరుకున్నవాడు ప్లగ్గు చూపించి కుర్చీ వేస్తాడు.

ప్రశ్న (మధురవాడ నుంచి ఒక యువతి): టెస్టింగ్ కోర్సు చేస్తున్నాను. రెండు నెలల కింద లాటిట్యూడ్ 7490 కొన్నాను. బాగానే పనిచేసింది. మొన్న నెమ్మదించిందని రీసెట్ చేస్తే, వైఫై కలపగానే ఏదో కంపెనీ పేరుతో స్వాగతం అని వచ్చి, వాళ్ళ ఆఫీసు మెయిల్, పాస్‌వర్డ్ అడుగుతోంది. ముందుకు పోవట్లేదు. షాపుకి తీసుకెళితే "నెట్ లేకుండా ఇన్‌స్టాల్ చేసి ఇస్తాం, మళ్ళీ రీసెట్ చేయకండి, ఏం కాదు" అంటున్నారు. నిజంగా ఏం కాదా?

జవాబు: అవుతుందమ్మా. ఇవాళ ఏమీ కాకపోయినా, నీకు ఇంటర్వ్యూ ఉన్న రోజునే విండోస్ పాడైతే మళ్ళీ ఇదే గోడ ఎదురవుతుంది. షాపువాళ్ళు చెప్పేది దాచిపెట్టడమే గానీ బాగుచేయడం కాదు.

జరిగింది ఇది. చాలా కంపెనీలు తమ లాప్‌టాప్‌లను మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ అనే ఏర్పాటులో నమోదు చేస్తాయి. ఆ మెషీన్ హార్డ్‌వేర్ గుర్తు మైక్రోసాఫ్ట్ దగ్గర ఆ కంపెనీ పేరు మీద ఉంటుంది. డిస్క్ మార్చినా, విండోస్ ఎన్నిసార్లు కొత్తగా వేసినా, మొదలుపెట్టేటప్పుడు నెట్ తగలగానే అది యజమానిని వెతుక్కుంటుంది. లాప్‌టాప్ వదిలించుకునేటప్పుడు ఆ నమోదు తీసేయాల్సింది పాత కంపెనీయే, వాళ్ళు మర్చిపోయారు లేదా ఆ మెషీన్ వాళ్ళకు తెలియకుండా బయటికి వచ్చింది. రెండో అవకాశం ఉంది కాబట్టే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను.

మొదట షాపుని ఈ మూడింటిలో ఒకటి అడుగు. నమోదు తీయించి ఇవ్వండి, లేదా వేరే పీసు ఇవ్వండి, అదీ కాకపోతే డబ్బు వెనక్కి ఇవ్వండి. వాళ్ళు లాటు ఎవరి దగ్గర కొన్నారో వాళ్ళకు తెలుసు, ఆ దారిన పాత కంపెనీ ఐటీ వాళ్ళని పట్టుకుంటే వాళ్ళ వైపు నుంచి ఇది చిన్న పనే. ఆ స్క్రీన్ ఫోటో, బిల్లు, డబ్బు పంపిన రసీదు జాగ్రత్త చేసుకో. అడిగింది వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడుగు. వినకపోతే 1915కి ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు సొమ్ముకి ఫిర్యాదు రుసుము లేదు, సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. లాయరు లేకుండా నువ్వే వేసుకోవచ్చు. రెండు నెలలు గడిచాయి కదా అని వెనక్కి తగ్గకు, ఈ లోపం నువ్వు కొన్న రోజునే అందులో ఉంది.

ఇంకా కొననివాళ్ళకు ఇదే నేను చెప్పే అతి ముఖ్యమైన పరీక్ష. డబ్బు ఇచ్చే ముందు షాపులోనే రీసెట్ చేయించండి, అదయ్యాక మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి మీ చేత్తో కలపండి. ఇంట్లో వాడుకోవడానికా, ఆఫీసుకా అని అడిగితే మెషీన్‌కి పాత బంధాలు లేవు. ఏ కంపెనీ పేరైనా పలకరిస్తే లేచి వచ్చేయండి. రీసెట్‌కి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, పట్టనివ్వండి. అది అయ్యాక ఇంకో చిన్న పని, బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్ళి చూడటం. ఆన్ చేయగానే థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కాలి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే ఆ తాళం కూడా పాత యజమానిదే. సెక్యూరిటీ పేజీలో కంప్యూట్రేస్ లేదా అబ్సల్యూట్ అని ఉండి, యాక్టివేటెడ్ అని రాసి ఉన్నా వద్దనండి, అది పోయిన లాప్‌టాప్‌ల జాడ తీయడానికి పెట్టే ఏర్పాటు.

ప్రశ్న (గాజువాక నుంచి ఒక అకౌంటెంట్): ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు, ఇంతే నా పని. ఒకచోట ఐ7 లాప్‌టాప్ 14 వేలు, ఇంకోచోట ఐ5 అయితే 20 వేలు చెబుతున్నారు. ఐ7 తక్కువకి వస్తుంటే వదులుకోవడం ఎందుకు?

జవాబు: ఆ ఐ7 పక్కన ఉన్న అంకె అడిగారా అండీ? ఐ7-4600యూ అయితే అది నాలుగో తరం, రెండు కోర్లు. ఐ5-8350యూ అయితే ఎనిమిదో తరం, నాలుగు కోర్లు. ఇక్కడ ఐ5 పెద్దది, ఐ7 చిన్నది. గీత తర్వాత వచ్చే అంకెల్లో ఉంది తరం. 4600 అంటే నాలుగు, 8350 అంటే ఎనిమిది, 10210 అంటే పది, 1135 అంటే పదకొండు. నాలుగో తరానికి విండోస్ 11 అధికారికంగా రాదు, క్లయింట్ల పాన్ నంబర్లూ బ్యాంకు వివరాలూ పెట్టుకునే మీలాంటివాళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మెషీన్ మీద పనిచేయకూడదు. 20 వేలదే తీసుకోండి.

మీకు ఇంకో తనిఖీ కూడా చెబుతాను. విండోస్ లైసెన్సు కీ మామూలుగా లాప్‌టాప్ తోనే వచ్చి బయోస్‌లో ఉంటుంది, కానీ కొందరు తొందరలో దొంగ యాక్టివేషన్ చేసి ఇచ్చేస్తారు. విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, స్పేస్, స్లాష్, ఎక్స్‌పీఆర్ అని కొట్టండి. చిన్న పెట్టె ఒకటి వస్తుంది. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని ఉంటే చాలావరకు సరే. ఏదో తేదీన గడువు తీరుతుందని ఉంటే అసలు లైసెన్సుతో మళ్ళీ వేయించమని అక్కడే అడగండి. దొంగ యాక్టివేటర్లతో పాటు వైరస్‌లు రావడం కొత్తేం కాదు.

ప్రశ్న (జ్ఞానాపురం నుంచి ఒక గృహిణి): మా అబ్బాయి వాడే పాత ఎలీట్‌బుక్‌కి టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు వచ్చింది. మూత సరిగా పడట్లేదు. వేడి కూడా ఎక్కువే. ఫ్యాన్ దుమ్ము అని వాడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: వేడికి దుమ్ము కారణం కావచ్చు, మీ వైపు ఇళ్ళలో రోజూ తుడిచినా నల్లటి దుమ్ము పడుతుందని నాకూ తెలుసు. టచ్‌ప్యాడ్ ఉబ్బడం మాత్రం దుమ్ము వల్ల కాదమ్మా, కింద బ్యాటరీ ఉబ్బింది. ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు ఫోన్‌లో కూడా ఇదే చెప్పాను, మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. వెంటనే ఛార్జర్ పీకేయండి, షట్‌డౌన్ చేయండి, మళ్ళీ ఛార్జింగ్ పెట్టొద్దు. మూత బలవంతంగా నొక్కి మూయొద్దు. పరుపు మీదా దిండు కిందా కాకుండా గచ్చు మీద పెట్టండి. ఉబ్బిన సంచిని గుచ్చితే గాలి పోతుందని ఎవరైనా చెబితే వినొద్దు, మంట లేస్తుంది. రిపేరు తెలిసినవాళ్ళ చేత తీయించి, పాత బ్యాటరీని చెత్త బండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. బ్యాటరీ మార్చాక లాప్‌టాప్ మామూలుగానే పనిచేయొచ్చు, అప్పుడే ఫ్యాన్ కూడా శుభ్రం చేయించండి.

ప్రశ్న (పెందుర్తి నుంచి ఒక డిప్లొమా విద్యార్థి): ఆన్‌లైన్ ప్రకటన చూసి ఫోన్ చేస్తే ఎలీట్‌బుక్ 840 జీ5 11 వేలకే ఇస్తానంటున్నాడు. బిల్లు లేదట. రాత్రి తొమ్మిదికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కలవమన్నాడు. వెళ్ళనా? ఆటోక్యాడ్ నడుస్తుందా?

జవాబు: ఆటోక్యాడ్‌లో 2డీ డ్రాయింగులు 16 జీబీ ర్యామ్‌తో నడుస్తాయి తమ్ముడూ. పెద్ద 3డీ మోడళ్ళకి దాని ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ చాలదు, అలాంటి పని ఉంటే థింక్‌ప్యాడ్ పీ సిరీస్, డెల్ ప్రెసిషన్, హెచ్‌పీ జెడ్‌బుక్ లాంటివి వెతుక్కో, బరువు ఎక్కువైనా.

రాత్రి తొమ్మిదికి మాత్రం వెళ్ళకు. అంత తక్కువ ధర, బిల్లు లేకపోవడం, చీకట్లో బస్టాండు, మూడూ కలిసొచ్చాయి. దొంగ సొత్తని నమ్మడానికి కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కొన్నవాడి మీద కూడా కేసు అవుతుంది. నిజంగా అతనిదే అయితే సీరియల్ నంబరు ఫోటో పంపమని అడుగు, హెచ్‌పీ సైట్‌లో కొడితే వారంటీ ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. అతని ఐడీ కార్డు కాపీ, సీరియల్ నంబరు వేసి అమ్మినట్టు సంతకం చేసిన కాగితం కావాలని చెప్పు. డబ్బు చేతికి కాకుండా అతని ఖాతాకే పంపుతానని చెప్పు. వీటన్నిటికీ సరే అంటే పగటిపూట, ప్లగ్గు ఉన్నచోట, మీ నాన్నగారినో అన్నయ్యనో వెంటబెట్టుకుని కలువు. బయోస్, రీసెట్, హాట్‌స్పాట్ పరీక్షలు పైన రాసినట్టే చెయ్యి. గంట పడుతుందని ముందే చెప్పు.